ఇయర్‌ఫోన్‌లో బేస్ రావట్లేదా? ముందు టిప్ సంగతి చూడండి

ప్రశ్న: "రెండున్నర వేలు పెట్టి వైరు ఉన్న ఐఈఎం (చెవి లోపలికి దిగే రకం ఇయర్‌ఫోన్) కొన్నాను. రివ్యూలన్నీ బేస్ బ్రహ్మాండం అన్నాయి. నాకేమో పాట డొల్లగా వినిపిస్తోంది, స, ష లు చెవిలో గుచ్చుకుంటున్నాయి. ఎడమది కాసేపటికే జారిపోతుంది. కుడిది గంట దాటితే నొప్పి. నాకు కళ్లజోడు ఉంది. రోజూ మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్తాను, ఆ చప్పుడులో వాల్యూమ్ బాగా పెంచాల్సి వస్తోంది. ఫోమ్ టిప్స్ కొనాలా, ఇయర్‌ఫోన్లే మార్చేయాలా?"

ఇయర్‌ఫోన్లు ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన బాధలన్నీ చాలావరకు ఒకే చోట పుడతాయి. టిప్, అంటే ఇయర్‌ఫోన్ చివర ఉండే మెత్తటి తొడుగు, మీ చెవిని సరిగా మూయడం లేదు. నేను స్టేజి ప్రోగ్రాములకు సౌండ్ చూస్తాను. పాడేవాళ్లు తమ పాట తాము వినడానికి చెవుల్లో పెట్టుకునే మానిటర్లు సరిగా కూర్చున్నాయో లేదో చూసుకోవడం నా పనిలో భాగం. "అన్నా, బేస్ గిటార్ అసలు వినపడట్లేదు, పెంచు" అని అడిగిన వాళ్లకి మిక్సర్ ముట్టుకోకుండా టిప్ సైజు మార్చి ఇస్తే, "చాలు చాలు, ఇప్పుడు కొంచెం తగ్గించు" అనడం మాకు మామూలే. చవక రకమైనా ఖరీదైనదైనా ఈ విషయంలో తేడా లేదు. సీల్, అంటే సందు లేకుండా చెవి మూసుకోవడం, కుదరకపోతే ఇరవై వేల ఐఈఎం కూడా రెండొందల దానిలాగే మోగుతుంది.

ప్రెషర్ కుక్కర్‌కి గాస్కెట్ ఎలాంటిదో ఇయర్‌ఫోన్‌కి టిప్ అలాంటిది. గాస్కెట్ ఒక పక్క లేచి ఉంటే కింద మంట ఎంత పెంచినా విజిల్ రాదు. ఇక్కడ జరిగేది కూడా ప్రెషర్ సంగతే. ఇయర్‌ఫోన్‌లో ఉండే డయాఫ్రం సుమారు 10 మిల్లీమీటర్ల పల్చటి పొర. గదిలో గాలిని కదిలించే శక్తి దానికి లేదు. కానీ టిప్‌కీ కర్ణభేరికీ మధ్య మూసుకుపోయిన ఆ కాస్త గాలిని నొక్కి వదలగలదు. ఆ నొక్కుడే మనకు బేస్‌గా వినిపిస్తుంది. టిప్ పక్కన సందు ఉంటే, బేస్‌లో గాలి నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి ఆ సందులోంచి తప్పించుకోవడానికి దానికి కావాల్సినంత టైమ్ దొరుకుతుంది. పై శ్రుతుల్లో కదలిక మరీ వేగం కాబట్టి సందు ఉన్నా పెద్దగా పోదు. అందుకే లీక్ ఉన్న ఇయర్‌ఫోన్‌లో శబ్దమంతా ఒకేలా తగ్గదు, అడుగు మాత్రమే ఊడిపోతుంది. సన్నటి సందు ఉంటే బేస్ గిటార్ మందపు తీగ పోతుంది, అది దాదాపు 41 హెర్ట్జ్. సందు పెద్దదయ్యే కొద్దీ తబలాలో డగ్గా, డోలక్ ఎడమ చెయ్యి, చివరికి మగవాళ్ల గొంతులోని బరువు కూడా పోతాయి. మిగిలినవి తాళాలు, వయొలిన్ అంచులు, స, ష, చ లు. మీరు "డొల్ల" అంటున్నది దీన్నే.

ఆ స, ష లు గుచ్చుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చాలామంది దాన్ని ఇయర్‌ఫోన్ లోపం అనుకుంటారు. పెద్దవాళ్లలో చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఏమీ పెట్టకుండా తెరిచి ఉన్నప్పుడు ఆ గొట్టం 3000 హెర్ట్జ్‌కి కాస్త కింద తనంతట తాను మోగుతుంది. టిప్ పెట్టి మూసేశాక లెక్క మారిపోయి, ఆ మోత 8000 హెర్ట్జ్ దరిదాపుల్లోకి వెళ్తుంది. టిప్ లోతుగా కూర్చుంటే లోపల మిగిలిన గొట్టం పొట్టిదై మోత ఇంకా పైకి పోతుంది, అక్కడ అది అంతగా బాధించదు. పైపైన ఆనించి పెడితే కిందికి దిగి, స, ష లు పలికే చోటికే వచ్చి పడుతుంది. బేస్ లేకపోవడం, గుచ్చుకోవడం రెండూ ఒకేసారి వచ్చాయంటే టిప్ పైపైనే ఆగిపోయిందని నేను గట్టిగా అనుమానిస్తాను. యాప్‌లో ఈక్వలైజర్ తెరిచి బేస్ పెంచి, ట్రెబుల్ తగ్గించి సర్దుకుందామనిపిస్తుంది. అలా చేయకండి. లీక్ అవుతున్న చోట బేస్ పెంచితే డయాఫ్రం మీద భారం పడి శబ్దం చెడుతుందే తప్ప పోయిన అడుగు తిరిగి రాదు.

ఇప్పుడు పెట్టుకునే పద్ధతి. ఎక్కువమంది బటన్ నొక్కినట్టు వేలితో చెవిలోకి తోసేస్తారు. చెవి దారి తిన్నగా ఉండదు, రెండు చోట్ల వంపు తిరుగుతుంది. తోస్తే టిప్ మొదటి వంపు దగ్గరే గోడకి గుద్దుకుని ఒక పక్క మడత పడుతుంది. ఆ మడతే సందు. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి, కుడి చెవి దొప్పని పైకి, కొంచెం వెనక్కి లాగండి. దీంతో దారి కాస్త సాఫీ అవుతుంది. అప్పుడు కుడి చేత్తో ఇయర్‌ఫోన్ పట్టుకుని, ముక్కు వైపు గురి పెట్టినట్టు ముందుకు వాల్చి, కొద్దికొద్దిగా తిప్పుతూ లోపలికి పోనివ్వండి. టిప్ లోపల ఆనిందనిపించాక ఐఈఎం బాడీని వెనక్కి తిప్పి చెవి గుంటలో కూర్చోబెట్టండి. చివర్న దొప్పని వదిలేయండి. వదలగానే దారి మళ్లీ దగ్గరపడి టిప్‌ని పట్టుకుంటుంది. ఎడమ చెవికి ఇదే పని చేతులు మార్చి చేయాలి. ఫ్యాక్టరీల్లో ఇయర్ ప్లగ్ పెట్టుకోవడం నేర్పేవాళ్లు కూడా చెవిని ఇలా లాగమనే చెబుతారు. సిలికాన్ టిప్ మరీ పొడిగా ఉండి పట్టట్లేదంటే తడి చేసిన వేలితో ఒకసారి తుడిచి పెట్టండి, చాలా తేడా ఉంటుంది.

పెట్టేటప్పుడు లోపల పటపటమని కాగితం నలిగినట్టు శబ్దం వస్తే భయపడకండి. మూసుకుపోయిన గాలి ఒత్తిడికి డయాఫ్రం వంగుతున్న చప్పుడు అది. చెవి దొప్ప లాగి ఉంచి నిదానంగా పెడితే తగ్గుతుంది. చాలా ఐఈఎంలకి బాడీ మీద ఈ ఒత్తిడి పోవడానికే సూదిమొనంత కన్నం ఉంటుంది. దాన్ని టేపుతోనో, కవర్‌తోనో మూయకండి, బేస్ లెక్క మొత్తం మారిపోతుంది.

సీల్ కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు పాట పెట్టకుండానే నోరు మూసుకుని "మ్మ్..." అని సన్నగా రాగం తీయండి. మూసుకున్న చెవిలో మన గొంతు లోపల గుమ్మని మోగుతుంది. రెండు వైపులా సమానంగా గుమ్మంటే రెండూ మూసుకున్నట్టే. ఒక వైపు మామూలుగా, బయటినుంచి వచ్చినట్టు ఉంటే అటువైపు లీక్ ఉంది. సౌండ్ చెక్‌లో టైమ్ లేనప్పుడు పాడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. రూపాయి ఖర్చు లేదు, యాప్ అక్కర్లేదు.

రెండోది నొక్కుడు పరీక్ష. ముందు వాల్యూమ్ బాగా తగ్గించండి. యూట్యూబ్‌లో 50 హెర్ట్జ్ టోన్ అని వెతికితే దొరుకుతుంది, లేదా బేస్ ఆగకుండా నడిచే పాట ఏదైనా పెట్టండి. ఒక్కో ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి ఆనించండి. ఆనించగానే అడుగు శబ్దం ఉప్పొంగితే, వదలగానే తగ్గిపోతే, లీక్ ఖాయం. ఆనించినా మార్పు లేకపోతే సీల్ బాగుంది. బయటికి లాగుతున్నట్టు కొద్దిగా కదిపి చూడండి. ఎక్కడ బేస్ తెగిపోతుందో తెలిస్తే మీకు ఎంత లోతు కావాలో అర్థమవుతుంది.

మూడోది నోటితో చేసేది, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. దవడ కీలు చెవి దారికి ఆనుకునే ఉంటుంది. నోరు తెరిస్తే, నవ్వితే, నమిలితే ఆ దారి ఆకారం మారుతుంది. అద్దం ముందు కదలకుండా కూర్చున్నప్పుడు బాగున్న సీల్, ఫోన్లో మాట్లాడుతుంటే పోతుంది. అందుకే టోన్ మోగుతుండగా "ఆ" అని నోరు బాగా తెరవండి, నవ్వండి, తల రెండు పక్కలకీ తిప్పండి. బేస్ నిలబడితేనే ఆ టిప్ మీది. పాడేవాళ్లతో ఇది నాకు పెద్ద తలనొప్పి. పై షడ్జం అందుకోవడానికి నోరు తెరవగానే ఒక చెవిలో సీల్ తెగుతుంది, వాళ్లు దాన్ని పీకి భుజం మీద వేసుకుంటారు, ఇక మిగిలిన ఒక్క చెవిలో వాల్యూమ్ పెంచమంటారు. ఆ ఒక్క చెవికి జరిగే నష్టం ఎక్కువ. చెవి అచ్చు తీసి చేసే కస్టమ్ మానిటర్లకి, ముఖ్యంగా పాడేవాళ్లకి, పళ్ల మధ్య చిన్న దిమ్మ పెట్టి నోరు తెరిపించి అచ్చు తీస్తారంటే కారణం ఇదే.

ఆ కస్టమ్ మానిటర్ల కథ కూడా సీల్ నుంచే వచ్చింది. స్టేజి మీద డ్రమ్ముల హోరు మధ్య వాళ్ల మానిటర్ వాళ్లకి వినపడాలంటే, బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం ఒక్కటే దారి. 1995లో సౌండ్ ఇంజినీర్ జెర్రీ హార్వీ, డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం అలాంటి జత ఒకటి చేశారు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా మొదలైంది. అంతకుముందే, మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ సంస్థ 1991లో ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ తెచ్చింది. మూడు అంచెల రబ్బరుతో లోతుగా దిగే రకం అది. సరిగా పెడితే 35 డెసిబెల్స్‌కి పైగా బయటి శబ్దం ఆపుతుందని సంస్థ చెబుతుంది. అంత లోతు అందరికీ పడదు. మొదటిసారి పెట్టుకున్నవాళ్లు అదిరిపడతారు.

సైజు విషయానికి వద్దాం. డబ్బాలో ఎస్, ఎం, ఎల్ మూడు జతలు వస్తాయి, కంపెనీవాళ్లు ఎం తొడిగి పంపుతారు, మనం అదే వాడేస్తాం. మీ రెండు చెవులూ ఒకేలా ఉండాలని రూలేమీ లేదు. ఎడమకి ఎల్, కుడికి ఎం పెట్టుకునేవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. మీ సంగతే చూడండి. ఎడమది జారుతోంది, కుడిది నొప్పి పెడుతోంది. ఒకే సైజు ఒక చెవికి చిన్నదై, ఇంకో చెవికి పెద్దదై ఉండే అవకాశం ఎక్కువ. ఈ రాత్రికే కుడికి ఒక సైజు తగ్గించి, ఎడమకి ఒక సైజు పెంచి పై మూడు పరీక్షలూ చేయండి. ఒక చెవికి టిప్ మార్చినప్పుడు రెండో దాన్ని కదపకండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

అయితే జారడానికి టిప్ చిన్నదవడమే కారణమని అనుకోకండి, పెద్దదైనా జారుతుంది. పెట్టగానే సీల్ బాగుండి, కాసేపట్లో నెమ్మదిగా బయటికి తోసుకొస్తే టిప్ పెద్దది. లోపల నలిగిన రబ్బరు విచ్చుకోవాలని చూస్తూ తనే బయటికి నెట్టుకుంటుంది. పెట్టినప్పుడే సీల్ లేక, వేలితో ఆనిస్తే మాత్రం బేస్ వస్తే, చిన్నదో పైపైనే ఆగిందో అయి ఉంటుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొందరికి చిన్న టిప్ పెడితే సీల్ మెరుగవుతుంది. పెద్దది దారి మొదట్లోనే ఇరుక్కుని ముడతలు పడుతుంది, చిన్నది ఇంకాస్త లోపలికి వెళ్లి గుండ్రంగా ఆనుతుంది. కాబట్టి మూడు సైజులూ రెండు చెవులకీ చూడకుండా "నా చెవికి ఇవి పడవు" అనే మాట అనొద్దు.

మూడు సైజుల్లో ఏదీ కుదరకపోతే విడిగా టిప్స్ కొనుక్కోవచ్చు. ఈ ఖర్చు పెట్టమని నేను ధైర్యంగా చెబుతాను, ఎందుకంటే ఐఈఎం మార్చడం కన్నా దీనివల్ల వచ్చే మార్పే ఎక్కువసార్లు పెద్దది. జపాన్ కంపెనీ ఫైనల్ అమ్మే 'టైప్-E' టిప్స్‌లో ఎస్ఎస్ నుంచి ఎల్ఎల్ దాకా ఐదు సైజులున్నాయి. తైవాన్ స్పిన్‌ఫిట్ టిప్ మెడ దగ్గర వంగుతుంది కాబట్టి చెవి వంపు ఎక్కువ ఉన్నవాళ్లకి హాయిగా ఉంటుంది. కొరియా ఆజ్లా వాళ్లు ఎస్‌కీ ఎంకీ, ఎంకీ ఎల్‌కీ మధ్య సైజులు కూడా అమ్ముతారు. కొనేముందు నాజిల్ లావు చూసుకోండి, అంటే టిప్ తొడిగే ఆ చిన్న గొట్టం. షూర్, ఎటిమోటిక్, వెస్టోన్ లాంటివి సన్న నాజిల్‌వి, సుమారు 3 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే చవక ఐఈఎంలు ఎక్కువగా 5 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. లావు నాజిల్ టిప్‌ని సన్న నాజిల్‌కి తొడిగితే వదులుగా ఉండి, తీసేటప్పుడు టిప్ చెవిలోనే ఉండిపోతుంది. అలా ఎప్పుడైనా జరిగితే పిన్నీసుతోనో, ట్వీజర్‌తోనో కెలకొద్దు. బయటికి వేలికి అందేలా ఉంటే తప్ప ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వాళ్లకి నిమిషం పని. టిప్ కన్నం వెడల్పు కూడా శబ్దాన్ని మారుస్తుంది. వెడల్పాటి కన్నంతో పై శ్రుతులు తేటగా వస్తాయి, సన్న కన్నంతో కొంచెం మెత్తబడతాయి.

ఇక మీరడిగిన ఫోమ్. మెమరీ ఫోమ్ టిప్స్ మంచివే. ఫ్యాక్టరీల్లో వాడే పసుపు ఇయర్ ప్లగ్ తరహా పదార్థం, నొక్కితే నలిగి మెల్లగా ఉబ్బుతుంది. చెవి ఆకారం ఎలా ఉన్నా అలా నిండుతుంది కాబట్టి సీల్ తేలిగ్గా వస్తుంది, మెట్రో చప్పుడు కూడా సిలికాన్ కన్నా బాగా ఆగుతుంది. కానీ పెట్టుకునే పద్ధతి తెలియకపోతే డబ్బు దండగ. వేళ్ల మధ్య ముడతలు పడకుండా నలిపి సన్నగా చేయాలి, చెవి దొప్ప లాగి పెట్టాలి, ఉబ్బేదాకా అరనిమిషం పాటు వేలితో ఆనించి ఉంచాలి. చలికాలం పొద్దున, లేదా ఏసీ గదిలో ఫోమ్ గట్టిపడుతుంది. అరచేతిలో కాసేపు వెచ్చబెడితే మెత్తబడుతుంది. దీని లోపాలు కూడా చెప్పాలి. పై శ్రుతులు కాస్త మెత్తబడతాయి. మీకు స, ష లు గుచ్చుకుంటున్నాయి కాబట్టి అది మీకు మేలే చేయొచ్చు. కొన్ని నెలలకే పొడిబారి లేదా జిడ్డుపట్టి ఉబ్బడం మానేస్తుంది, మళ్లీ కొనాలి. చెమట పీల్చుకుంటుంది. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో జిమ్‌కి ఫోమ్ వాడమని నేను చెప్పను. మెట్రో ఏసీలో కూర్చుని వినే మీకు అది ఇబ్బంది కాదు. అయినా సిలికాన్‌లో సైజులు చూడకుండా ఫోమ్‌కి పోకండి.

నొప్పి విషయంలో అది ఎక్కడ పుడుతుందో వేలితో చూపించగలగాలి. చెవి దారిలో బయటి మూడో వంతు మెత్తటి మృదులాస్థి, లోపలి భాగం ఎముక మీద పల్చటి చర్మం. టిప్ మెత్తటి చోట ఆనితే ఓర్చుకుంటుంది, ఎముక దగ్గరికి వెళ్తే నొప్పి తప్పదు. లోపల ఉబ్బరించినట్టు, ఒత్తినట్టు నొప్పి ఉంటే టిప్ పెద్దది లేదా గట్టిది. నొప్పి లోపల కాకుండా చెవి గుంటలో, ఐఈఎం బాడీ తగిలే చోట ఉంటే టిప్ మార్చి లాభం లేదు, బాడీ మీ చెవికి పెద్దది. అప్పుడు కొంచెం పొడుగు మెడ ఉన్న టిప్ వేస్తే బాడీ గుంట గోడకి ఆనకుండా ఎడంగా నిలబడొచ్చు. దానితోనూ పోకపోతే అప్పుడే ఇయర్‌ఫోన్ మార్చడం గురించి ఆలోచించండి, చిన్న బాడీ ఉన్నది చూసుకోండి. చెవి గుంట చిన్నగా ఉన్నవాళ్లు, వీళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, కొనేముందే ఇది చూడాలి. ఆన్‌లైన్ ఫొటోలో అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి.

మీ ఎడమ చెవి జారడానికి కళ్లజోడు కూడా కారణం కావచ్చు. వైరు చెవి మీదుగా వెనక్కి తిప్పే రకం ఐఈఎంలలో, కళ్లజోడు కాడ వైరు కింద ఇరుక్కుంటే వైరు పైకి లేస్తుంది, దాంతో ఐఈఎం బయటికి వంగుతుంది. ముందు ఐఈఎం పెట్టుకుని, వైరు చెవి వెనక చర్మానికి ఆనించి, కళ్లజోడు ఆఖర్న పెట్టుకోండి. మెటల్ కాడలు సన్నవి కాబట్టి ఇబ్బంది తక్కువ, లావుపాటి ప్లాస్టిక్ ఫ్రేములతోనే గొడవ. చెవి పైభాగంలో పోగులున్నవాళ్లకి, మాటీలు పెట్టుకునేవాళ్లకి కూడా ఇదే చిక్కు. పెళ్లిళ్లలో పాడే అమ్మాయిలకి నేను మాటీ తగిలించకముందే మానిటర్ పెట్టేయమంటాను. వైరు వంపు దగ్గర గట్టి ప్లాస్టిక్ గొట్టం ఉంటే దాన్ని మెల్లగా మీ చెవి వంపుకి సర్దండి. గడ్డం కింద జారే చిన్న బిగింపు ఉంటుంది చూడండి, చాలామంది దాన్ని ముట్టుకోరు. దాన్ని పైకి జరిపితే వైరు లాగుడు చెవి దాకా రాదు, నడిచేటప్పుడు వైరు బట్టలకి రాసుకునే చప్పుడు కూడా తగ్గుతుంది.

చెవి శుభ్రత గురించి చెప్పకుండా వదిలేయలేను. మన ఇళ్లలో చెవిలో గోరువెచ్చటి నూనె పోసే అలవాటు ఇంకా ఉంది. నూనె ఉన్న చెవిలో ఏ టిప్పూ నిలవదు, పైగా ఆ తేమని, వెచ్చదనాన్ని మూసిపెడితే ఫంగస్‌కి అనుకూలం. తలంటు పోసుకుని వెంటనే పెట్టుకోవద్దు, చెవి పూర్తిగా ఆరాలి. తలకి రాసుకున్న నూనె చెవి దొప్ప మీదికి వచ్చినా జారుడే, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. గుబిలి తీయడానికి బడ్స్, పిన్నులు వాడితే లోపలికి నెట్టుకుంటారు తప్ప బయటికి రాదు. దురద, చీము, కారడం, వినికిడి తగ్గడం ఏది ఉన్నా కొన్నాళ్లు ఇయర్‌ఫోన్ మానేసి డాక్టర్‌కి చూపించండి. చెవి ఎర్రబడి ఉంటే ఏ టిప్ అయినా నొప్పే.

ఒక వైపు శబ్దమే తగ్గిందనిపిస్తే రెండు ఇయర్‌ఫోన్‌లని తారుమారు చేసి, ఎడమది కుడి చెవిలో పెట్టి వినండి. ఎలాగూ సరిగా కూర్చోవు కానీ తేడా తెలుస్తుంది. శబ్దం తక్కువగా ఉన్నది అదే ఇయర్‌ఫోన్ అయితే దాని నాజిల్ జాలీలో గుబిలి పట్టింది. చెవి అదే అయితే చెవిలో గుబిలో, సీలో చూడాలి. జాలీని నాజిల్ కిందికి వంచి పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి, అప్పుడు చెత్త లోపలికి పడదు. సిలికాన్ టిప్స్ ఊడదీసి సబ్బు నీళ్లలో కడిగి బాగా ఆరబెట్టి తొడగండి. ఫోమ్‌ని కడగొద్దు.

తీసేటప్పుడు కూడా పద్ధతి ఉంది. సీల్ బాగా కుదిరిన టిప్‌ని ఒక్కసారిగా లాగితే లోపల గాలి పీల్చినట్టయి కర్ణభేరికి నొప్పి పుడుతుంది. ముందు కొద్దిగా తిప్పి ఒక పక్క నుంచి గాలి పోనిచ్చి, ఆ తర్వాత మెల్లగా తీయండి. రెండు మూడు అంచెలున్న టిప్స్‌తో ఇది తప్పనిసరి.

వైర్‌లెస్ బడ్స్ వాడేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. బయటి చప్పుడుని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ బాగా పనిచేసేది మోటార్ల గుర్రు లాంటి కింది శ్రుతుల మీదే. సీల్ లీక్ అయితే లోపలికి వచ్చేవి కూడా అవే. కాబట్టి "నాయిస్ క్యాన్సిలింగ్ పనిచేయట్లేదు" అన్నప్పుడు కూడా ముందు టిప్పే చూడాలి. ఎయిర్‌పాడ్స్ ప్రో, సోనీ, శాంసంగ్ బడ్స్ కొన్నింట్లో సీల్ చూసే పరీక్ష ఫోన్‌లోనే ఉంటుంది, దాన్ని నోరు తెరిచి కూడా ఒకసారి చేయండి. రబ్బరు టిప్ లేకుండా చెవి అంచున వేలాడే మామూలు ఎయిర్‌పాడ్స్ రకాల్లో సీల్ ఉండదు, వాటిని అలాగే తయారుచేశారు. వాటిలో ఈ బేస్ కోసం వెతక్కండి.

వాల్యూమ్ సంగతి మీరు అడగలేదు కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. మెట్రో చప్పుడు మీద పాట వినపడాలని పెంచుతున్నారు కదా, ఆ పెంచిన దెబ్బ మొత్తం మీ లోపలి చెవికే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల దాకా పర్వాలేదంటుంది. అంతకన్నా ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగానికి పడిపోతాయి. అంటే 89 దగ్గర వారానికి 5 గంటలే. రోజూ అటూ ఇటూ కలిపి మెట్రోలో మీరు గడిపేదే వారానికి అంతకన్నా ఎక్కువ. సీల్ కుదిరితే బయటి చప్పుడు 20 డెసిబెల్స్ దాకా తగ్గి, తక్కువ వాల్యూమ్‌లోనే డోలక్ ఎడమ చెయ్యి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే కొత్త టిప్ పెట్టిన ప్రతిసారీ ముందు వాల్యూమ్ సగానికి తగ్గించి మొదలుపెట్టండి. పాత స్థాయిలోనే వదిలేస్తే తిరిగొచ్చిన బేస్ చెవిని అదరగొడుతుంది. సీల్ ఉన్నప్పుడు మన గొంతు, అడుగుల చప్పుడు, నమలడం లోపల గుమ్మనడం మామూలే, దాన్ని లోపం అనుకుని వదులు చేసుకోకండి. ఇలా మూసిన చెవులతో రోడ్డు దాటడం, బండి నడపడం మాత్రం వద్దే వద్దు. స్టేషన్ మెట్లు దిగగానే తీసి జేబులో పెట్టుకోండి.

మీకు నేను చెప్పే వరస ఇది: ముందు డబ్బాలో ఉన్న మూడు సైజులూ రెండు చెవులకీ విడివిడిగా, చెవి దొప్ప లాగి, కళ్లజోడు ఆఖర్న పెట్టుకుని చూడండి. కుదరకపోతే నాజిల్ లావు కొలిచి మధ్య సైజులున్న సిలికాన్ టిప్స్ ఒక సెట్ కొనండి. అదీ కుదరకపోతే ఫోమ్. కుడి చెవి నొప్పి లోపలా, గుంటలోనా అన్నది చూసి, ఏ సైజుకి ఏ చెవిలో ఏమైందో ఇక్కడే రాయండి. మోడల్ పేరు కూడా చెబితే దాని నాజిల్‌కి సరిపడే టిప్ ఏదో చూసి చెబుతాను.